చేపముల్లుకు కట్టిన రాగి దండ

నమోదు 41

పోటు దిగుతోంది. నైరుతి గాలి. నాలుగు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. వేదిక పడవ మీద శబ్దం పనులు చూసే పైడమ్మ రాస్తున్నది.

ఈ పుస్తకం మొదలుపెట్టిన సోములు తాత రెండు నియమాలు పెట్టి పోయాడు. ఒకటి, ఏమీ తెలియని మనిషి రేపు చదువుతాడనుకుని రాయాలి. రెండు, ఆ రోజు చెడిపోకుండా నిలబడ్డ వస్తువు ఒకదాన్ని మెచ్చుకోవాలి. చెడినదాన్ని అందరూ తిడతారు, నిలబడ్డదాన్ని ఎవరూ తలుచుకోరు అనేవాడు. మొదటి నియమం నాకు బరువు. రెండోది ఇష్టం.

పొద్దున్న యాంటెన్నా అతుకుల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. ఇందుకోసం ఊరు నాకిచ్చేది అరగ్లాసు మంచినీళ్ళు. సగంతో తుడిచి సగం తాగేశాను. పెద్దలెవరూ ఈ పుస్తకం తెరవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. తరవాత ఊరికి కథ చెప్పే గవరమ్మ చెవిలో పెట్టుకుని వినే గింజను గుడ్డతో శుభ్రం చేసి, ఆమె నడుముకు కట్టుకునే చిన్న పెట్టెలో కొత్త బ్యాటరీ వేశాను. ఆ పెట్టె గాలిలోంచి శబ్దం పట్టి గింజకు ఇస్తుంది. అలాంటిదే నాకూ ఒకటి ఉంది.

మా పడవల ఊళ్ళో స్పీకర్లు పెట్టనివ్వరు. పెడితే కింద గూళ్ళలో పెరిగే చేపలు బెదిరి వలలకేసి తలలు బాదుకుంటాయి. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు మాత్రం ఎప్పుడూ రొద పెడుతూనే ఉంటాయి. ఆ రొద చేపలకు అలవాటైపోయింది, మాకే ఇంకా కాలేదు. కాబట్టి జనం ఎవరి పడవలో వాళ్ళు కూర్చుని, పడవకున్న తీగకు గింజ తగిలించుకుని కథ వింటారు. గవరమ్మకు ఆ వీలు లేదు. జముకుల కథ చెప్పే మనిషి ముందుకీ వెనక్కీ ఆడుతూ చెప్పాలి. తీగ కాలికి చుట్టుకుంటే కథ నీళ్ళలో పడుతుంది, గవరమ్మతో సహా. పడవ మధ్యన కూర్చుని నూకయ్య మావ వాయించే జముకు వాద్యం, యంత్రాల రొదలో ముందు కొసలో ఉన్న ఆమెకు నేరుగా వినబడదు, గాలి దారినే గింజకు చేరాలి. ఆ దారి చూసుకోవడం నా పని.

శబ్దాన్ని పంపే యాంటెన్నా వెనక కొసలో గుంజ మీద ఉంటుంది. అందరూ దాన్ని చేపముల్లు అంటారు. నడుమ ఒక కడ్డీ, అడ్డంగా పొట్టీ పొడుగూ రాగి పుల్లలు. మునిగిన ఊళ్ళ మిద్దెల మీంచి తెచ్చిన రాగితో తాత చేసింది. అన్నిటికన్నా వెనకున్న పొడుగు పుల్ల పోయిన తుఫానులో విరిగింది. పని సాగుతోంది కదా అని నేను మళ్ళీ పెట్టలేదు.

ఆ తుఫానులోనే తాత వానలో నిలబడి, ముల్లును చేత్తో ఒక్కో పడవ వైపూ తిప్పుతూ, తాళ్ళు కోసుకుని తూర్పుకి పొమ్మని, ఆపద వేళకని పడవల్లో దాచిన వైర్‌లెస్ పెట్టెల్లో వినబడేలా చెప్పాడు. నూట పన్నెండు పడవలు మిగిలాయి. ఆ తడికి వచ్చిన జ్వరం తాతను తీసుకుపోయింది. అందుకని ఈ ఏటి నుంచి ఊరు ఒక మర్యాద పెట్టుకుంది. కథకు ముందు ముల్లుకు రాగి పువ్వుల దండ వెయ్యాలి. సముద్రం మీద పూలెక్కడివి, రేకుతో చేసినవే. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో పువ్వు తెస్తారు. దండం పెట్టేటప్పుడు ఎవరి చెవిలోనూ గింజ ఉండకూడదు, పెద్దాయన ముందు చెవులు మూసుకున్నట్టు ఉంటుందని.

ఇవాళ మొదటి కథ. దండలో ఇప్పటికి నలభై పువ్వులు. కథ బాగానే సాగింది. ముందు కొసకు వెళ్ళినప్పుడు రెండుసార్లు జముకు తెగిపోయిందని గవరమ్మ చెప్పింది. నా గింజలో ఏమీ తెగలేదు. నేను గుంజ కిందే కూర్చుంటాను కాబట్టి నాకెప్పుడూ తెగదు.

మెప్పు: నా మడత స్టూలు. నాలుగు గంటలు నా బరువు మోసింది.

నమోదు 43

గవరమ్మ పొద్దున్నే వచ్చి నా పక్కన చతికిలబడింది. ఆమెకు అరవై రెండు. కుడి చెవి తుఫానులో పోయింది. ఉన్నదంతా ఎడమ చెవే. అదే తుఫానులో అమ్మానాన్నలు గల్లంతైన నన్ను ఆ రోజుల్లో తన చాప మీద పడుకోబెట్టుకున్న మనిషి. ఇప్పటికీ నేను ఆమెను అప్ప అనే పిలుస్తాను.

"పైడీ, మొన్న జముకు రెండు పాలి పోనాది," అంది.

"చూస్తానప్పా."

"సూడు మరి. నాకు వల కుట్టడం రాదు. యేళ్ళు వొంగవు. కతే నా కూడు."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మధ్యాహ్నం జనం లేకుండా మేమే సాధన పెట్టుకున్నాం. నూకయ్య మావ వాయిస్తుంటే ఆమె ముందు కొస దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, గిర్రున తిరిగి, ముల్లుకు వీపు పెట్టి కూడా చూసింది. ఒక్క దెబ్బ తెగలేదు. సాధనలో బుద్ధిగా ఉండి, జనం వస్తే మొండికేసే యంత్రాన్ని ఏమనాలో నాకు తెలియదు.

జనమే కారణమేమో అనుకున్నాను. మనిషంటే నడిచే నీళ్ళ కుండ, శబ్దం దారిలో కుండలు అడ్డుపెడితే తాగేస్తాయని తాత చెప్పేవాడు. గుంజను ఒక మూర పైకి లేపి కట్టాను, తలల మీంచి పోతుందని.

మెప్పు: పైకి లేపిన గుంజ. విరగలేదు.

నమోదు 46

ఇవాళ రెండో కథ. రాయడానికి చెయ్యి రావడం లేదు.

దండలో ఎనభై పువ్వులు. ఎండకు మెరుస్తుంటే చూడముచ్చటగా ఉంది. అందరం గింజలు తీసి దండం పెట్టాం. గింజలు పెట్టుకున్నాం. కథ మొదలైంది.

తల్లి పడవ తాడు తెగే ఘట్టంలో గవరమ్మ ముందు కొసకు పరుగెత్తి, పాట అందుకోవాలి. అందుకుంది. జముకు ఒక దారిన, ఆమె ఒక దారిన పోయారు. నూకయ్య మావ ఆమెను పట్టుకోవాలని వేగం పెంచాడు, ఆమెకు అది వినబడనే లేదు. నూట పన్నెండు పడవల్లో జనానికి ఇద్దరూ శుభ్రంగా వినబడుతున్నారు, తప్పుతో సహా. ఆమె మైకు శబ్దం నా దగ్గరకు వేరే దారిన వస్తుంది, దానికే లోటూ లేదు. గవరమ్మ పాట ఆపి నిలబడిపోయింది. నలభై ఏళ్ళుగా కథ చెబుతున్న మనిషి, మధ్యలో ఆగడం నేను ఎప్పుడూ వినలేదు, చూడలేదు. ఎవరో పడవలోంచి జాలిగా చప్పట్లు కొట్టారు. అది మరీ కష్టంగా ఉండింది.

కథ ముగిశాక ఊరి పెద్ద అసిరయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు. అందుకే ఆయన మాట ఇంకా భయం.

"మంచినీల్ల తొట్లు ఎట్టడానికి సోటు సాల్నేదు. ఈ పడవ ఇచ్చీమని ఊరంతా అడగతంది. కత నడిసినన్నాల్లూ నాను అడ్డం పడ్డాను. మూడో కత కూడా ఇలగే అయితే, పైడీ, ఇంక నా వొల్ల కాదు."

తాత గుంజ నాటిన పడవ ఇది. నీళ్ళ తొట్లు వస్తే గవరమ్మ నిలబడే చోటు కూడా ఉండదు. ఇవాళ మెప్పు రాయాలనిపించలేదు. అయినా నియమం నియమమే. మెప్పు: గవరమ్మ. ఆగిపోయినా ఏడవలేదు, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

నమోదు 48

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

నీటి యంత్రాల మనిషిని బతిమాలాను. ఆయన తన వైర్‌లెస్ పెట్టెలన్నీ ఒక పూట ఆపి చూశాడు. ఆపినా ఆపకపోయినా సాధనలో తెగలేదు. మైకు శబ్దం పట్టే యాంటెన్నా, ముల్లు దగ్గరదగ్గరగా ఉంటే ఒకదాని మీద ఒకటి అరుస్తాయి కదా అని, దాన్ని ఇరవై అడుగులు దూరం జరిపాను. తీగలన్నీ విప్పి, అతుకులు మార్చి, మళ్ళీ బిగించాను.

గవరమ్మ నడుం పెట్టెకు శబ్దం పట్టే చిన్న తోక తీగ ఒకటి ఉంటుంది. ఆమె దాన్ని చీర కుచ్చిళ్ళలో దోపుకుంటోంది, చెమటకు తడిసి ముద్దవుతోంది. దొరికింది దొంగ అనుకున్నాను. తోకను బయటికి వేలాడదీసి, పెట్టెను గుడ్డ సంచిలో పెట్టి నడుముకు కట్టాను.

"నాను కోతినా, తోక యేలాడదీసుకుని తిరగడానికి," అంది గవరమ్మ.

"ఒక్క కథకేనప్పా."

"నీ మాట ఇని పాడైనోల్లెవులూ నేరులే. కట్టీ."

మెప్పు: గవరమ్మ ఓపిక. వస్తువునే మెచ్చుకోవాలంటే, ఆమె చీర కుచ్చిళ్ళు.

నమోదు 49

జనంతో సాధన పెట్టాను. ఎవరూ రారనుకున్నాను. నలభై పడవలు వచ్చాయి, వల పని మానుకుని, పిల్లలతో, కూరగిన్నెలతో. ఊరికే కూర్చోండి చాలు, మాకు అడ్డం ఉండండి అన్నాను. ఇలాంటి పని ఎప్పుడైనా చెప్పు, వచ్చేస్తాం అని నవ్వారు.

ఒక్క దెబ్బ తెగలేదు. నలభై పడవల మనుషులు నలభై రకాలుగా లేచి తిరిగినా తెగలేదు. తోకను మళ్ళీ తడి కుచ్చిళ్ళలో దోపించి చూసినా తెగలేదు.

అంటే జనం కాదు, చెమట కాదు, యంత్రాలు కాదు. నాకు తెలిసిన కారణాలన్నీ అయిపోయాయి. రేపే మూడో కథ. పెద్దలు నీళ్ళ తొట్లు ఎక్కించిన పడవను ఇప్పటికే మా పక్కకు లాక్కొచ్చి కట్టారు. దాని నీడ నా స్టూలు మీద పడుతోంది.

మెప్పు: ఊరికే వచ్చి కూర్చున్న నలభై పడవల మనుషులు. వీళ్ళ రుణం నేను ఏ జన్మలో తీర్చుకుంటానో.

నమోదు 50

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మూడింటికి ఊరంతా చుట్టూ చేరింది. దండ ఇవాళ్టికి నిండింది, నూట పన్నెండు పువ్వులు. ఆఖరి పువ్వు బంగారమ్మది. తుఫానులో ఇద్దరు కొడుకులనూ దక్కించుకున్న ముసలామె. ఇంట్లో ఉన్న ఒక్క రాగి గిన్నె అడుగు కోసి, అరచెయ్యంత పువ్వు చేసి తెచ్చింది. ఆఖరిది ఆమెదే కాబట్టి దండ ఆమె చేతే వేయించాలని అసిరయ్య అన్నాడు.

నేను ముందు కొసలో, గవరమ్మ నిలబడే చోట ఉన్నాను. చివరిసారి విని చూసుకుంటున్నాను, నా మీద నాకే నమ్మకం లేక. నూకయ్య మావ దండం దరువు అందుకున్నాడు. అందరూ గింజలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కంగారులో నేను తియ్యడం మరిచిపోయాను.

జముకు నా చెవినిండా మోగుతోంది. దూరంగా బంగారమ్మ దండ ఎత్తి ముల్లు ముందు కొసకు తగిలించింది. జముకు పోయింది. నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట మాత్రం మిగిలింది. దండ ఒక పక్కకు ఒరిగిందని ఆమె మళ్ళీ ఎత్తింది. జముకు వచ్చింది. సరిచేసి వేసింది. పోయింది.

సాధనలో దండ లేదు. కథ రోజున ఉంది. మొదట నలభై పువ్వులకు రెండుసార్లు తెగింది, తరవాత ఎనభైకి కథ ఆగింది, ఇవాళ నూట పన్నెండు. దండ వేసేటప్పుడు ఎవరి చెవిలోనూ గింజ ఉండదు కాబట్టి వేయగానే ఏమవుతుందో ఎవరూ వినలేదు. గుంజ మీద తడి తువ్వాలు ఆరేస్తే తాత తరిమి కొట్టేవాడు. అది ఆయన చాదస్తం అనుకున్నాను. ముల్లు ముందు రాగి కాదు కదా, తడి గుడ్డ కూడా ఉండకూడదన్నమాట. ఇంత తెలిసిన నేనే ఆ దండను పెట్టెలోంచి తీసి, తుడిచి, మెరిపించి అందిస్తున్నాను. దండ నా కళ్ళకు ఎప్పుడూ వస్తువులా కనబడలేదు, దండంలా కనబడింది. అందుకే దాన్ని అనుమానించలేదు.

పడవ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. నూట పన్నెండు పడవల కళ్ళూ ముల్లు మీదే ఉన్నాయి. చెయ్యి చాపి దండ తీసేశాను.

పడవల్లో కొందరు లేచి నిలబడ్డారు.

"ఏటి సేత్తన్నావే," అన్నాడు అసిరయ్య. ఆయన గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉంది.

నోటితో చెబితే నమ్మరు, కథ చెడుతుందని ముందే సాకు వెతుక్కుంటోందని అంటారు. అందుకని గవరమ్మను గింజ పెట్టుకుని ముందు కొసకు పొమ్మని సైగ చేశాను. ముల్లుకు వీపు పెట్టి నిలబడమన్నాను. "జముకు వినబడితే చెయ్యెత్తప్పా, పోతే దించు," అన్నాను. నూకయ్య మావ దరువు ఆపలేదు.

గవరమ్మ చెయ్యెత్తింది. నేను దండ వేశాను. ఆమె చెయ్యి దిగింది. తీశాను, లేచింది. వేశాను, దిగింది. వెనక ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. ఏడుసార్లు అలా చేశాను. ఊరంతా నా చేతుల వంకా, ఆ దూరపు చేతి వంకా చూస్తోంది. ఎనిమిదోసారి వెయ్యబోతుంటే బంగారమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఇంక ఎయ్యకే గుంటా. పెద్దాయన నోరు మనమే నొక్కీసినాం."

దండ ఆమె తన ఒళ్ళోకి తీసుకుంది. కథ మొదలైంది.

తల్లి పడవ తాడు తెగే ఘట్టం వచ్చింది. గవరమ్మ ముందు కొసకు పరుగెత్తింది. ఆమె పాట అందుకుంది, జముకు ఆమె అడుగు కింద అడుగులా నడిచింది. గిర్రున తిరిగింది, తెగలేదు. రెండో కథలో ఆగిన చోటును కావాలని మూడుసార్లు పాడింది. ఆ మూడోసారి పాడుతున్నప్పుడు నేను ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు.

కథ ముగిశాక అసిరయ్య పక్కకు వెళ్ళి, తొట్ల పడవ తాడు తన చేత్తో విప్పి, వెనక్కి పొమ్మన్నాడు.

మెప్పు: ఎత్తిన గవరమ్మ చెయ్యి. విప్పిన అసిరయ్య చెయ్యి. ఆపిన బంగారమ్మ చెయ్యి.

నమోదు 52

పడవ నిలబడింది. మనసు నిలబడలేదు.

దండ మళ్ళీ నా పెట్టెలోకి చేరింది. మూత తీసినప్పుడల్లా బంగారమ్మ గిన్నె అడుగు నా వంక చూస్తోంది. ఆమె ఇప్పుడు కొడుకుల పడవ నుంచి గిన్నె అరువు తెచ్చుకుని గంజి కాచుకుంటోందని తెలిసింది. ఎవరి పువ్వు వాళ్ళకు తిరిగిచ్చేద్దామా అని అసిరయ్యను అడిగాను.

"ఇచ్చింది ఎనక్కి ఎలగ తీసుకుంటారు. ఆలకి తలొంపులు కాదా," అన్నాడు.

నిజమే. మీ కృతజ్ఞత మాకొద్దు, పట్టుకుపొమ్మని ఎవరితోనైనా ఎలా అనగలం.

సాయంత్రం ఉప్పు తుడవడానికి గుంజ ఎక్కాను. వెనక విరిగిన పొడుగు పుల్ల మొదలు చేతికి గుచ్చుకుంది. రక్తం వచ్చింది. తిట్టబోయి ఆగాను. ఆ పుల్ల ఎందుకుండేదో తాత ఒకసారి చెప్పాడు. వెనక్కి పోయే శబ్దాన్ని అది గోడలా ఆపి ముందుకు తోస్తుంది. రాగి ముందుంటే అడ్డం. వెనక, సరైన దూరంలో ఉంటే ఆసరా.

మెప్పు: విరిగిన పుల్ల మొదలు. గుచ్చుకుంది.

నమోదు 55

నూకయ్య మావ పాత వల చట్రం ఇచ్చాడు. నేనూ గవరమ్మా బంగారమ్మా మూడు రోజులు కూర్చుని నూట పన్నెండు పువ్వులనూ చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి వల మీద కట్టాం, పువ్వుకూ పువ్వుకూ రాగి తీగ కలుపుతూ. వేళ్ళు వంగవన్న గవరమ్మే అందరికన్నా ఎక్కువ కట్టింది. ఆ మాట నేను గుర్తు చెయ్యలేదు. చట్రాన్ని ముల్లు వెనక, జానెడుకు కాస్త తక్కువ దూరంలో బిగించాను. దూరం కుదరడానికి పదకొండుసార్లు ముందుకూ వెనక్కూ జరిపాను. బంగారమ్మ పువ్వు సరిగ్గా మధ్యలో ఉంది.

గవరమ్మను చిన్న పడవ ఎక్కించి పంపాం, ఎక్కడ తెగితే అక్కడ చెయ్యి దించమని. మా పడవ కొస దాటింది. చెయ్యి దిగలేదు. మొదటి వరస పడవలు, రెండో వరస, నీటి యంత్రాలు కూడా దాటింది. చివరికి ఆమె ఒక చుక్కలా కనబడుతోంది, ఆ చుక్క మీద ఎత్తిన చెయ్యి ఇంకా కనబడుతోంది. తిరిగొచ్చాక నడుం పెట్టె విప్పుతూ అంది:

"నాకున్నది ఒక్క సెవే పైడీ. ఇయ్యాల రెండు సెవులా ఇన్నట్టుంది."

మెప్పు: నూట పన్నెండు ఇళ్ళు. పేర్లన్నీ వెనక పేజీలో రాశాను.

నమోదు 57

నాలుగో కథ. పోటు నిండుగా ఉంది, గాలి లేదు, బ్యాటరీలు సరే.

మర్యాద మారింది. దండం పెట్టేటప్పుడు ఇప్పుడు అందరూ గింజలు చెవిలోనే ఉంచుకుంటున్నారు, తాత మాట వినబడాలి కదా అని బంగారమ్మ తేల్చేసింది. కొత్తగా పెళ్ళయి ఊరికి వచ్చిన ఒకమ్మాయి రాగి పువ్వు పట్టుకుని ముల్లు ముందుకు వెళ్ళబోయింది. నలుగురు ఒకేసారి ఆమె భుజం పట్టి తిప్పారు. నూట పదమూడో పువ్వును వెనక చట్రానికి ఆమే కట్టింది.

తరవాత నేను కూడా చుట్టూ తిరిగి వెళ్ళి, ముల్లుకు అడ్డు రాకుండా, వెనక నిలబడి దండం పెట్టాను. ఎదురుగా గవరమ్మ కథ మొదలుపెట్టింది.